మెతుకుసీమ చరిత్రలో ‘ముప్పై నగరాలు’: స్పార్టా నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆంధ్రులకు ప్రాకారాలు గల ముప్పై నగరాలు ఉండేవని మెగస్తనీసు చెప్పినట్లుగా తెలుగువారి చరిత్రరచనలో ఒక వాక్యం స్థిరపడింది. తెలంగాణలోని ధూళికట్ట, కోటిలింగాల, కొండాపురం వంటి ప్రాచీన స్థలాలను ఆ ముప్పైతో ముడిపెట్టే ధోరణి కూడా ఉంది. ఆ వాక్యం ఏ గ్రంథంలో, ఏ భాషలో, ఏ వరుసలో ఉందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రాకారాలు లేకుండానే ప్రసిద్ధికెక్కిన గ్రీకు నగరరాజ్యం స్పార్టాను, పూర్వపు మెదక్ జిల్లాలోని కొండాపురాన్ని పక్కపక్కన పెట్టి, రచనల వల్ల వచ్చిన కీర్తికీ తవ్వకాల వల్ల దొరికిన ఆధారానికీ మధ్య ఉన్న దూరాన్ని చర్చిస్తుంది. కొండాపురం ప్రాధాన్యాన్ని అక్కడ దొరికిన వస్తువులే నిలబెడతాయని, ముప్పై నగరాల వాక్యం దానికి అవసరం లేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మెదక్, కొండాపురం, మెగస్తనీసు, ప్లినీ, స్పార్టా, నగరరాజ్యం, చరిత్రరచన, శాతవాహనులు.

1. ప్రవేశిక:

మెదక్ పట్టణం పేరు చెప్పగానే బయటివారికి గుర్తుకు వచ్చేవి ప్రధానంగా రెండు కట్టడాలు. ఒకటి కొండమీది ఖిల్లా. రెండవది 1924 డిసెంబరు 25న ఆరాధనకు అంకితమైన చర్చి. మొదటిది కాకతీయుల కాలం నుంచి కుతుబ్‌షాహీల కాలం వరకు జరిగిన చరిత్రకు గుర్తు. రెండవది ఇరవయ్యవ శతాబ్దపు కరవు రోజులకూ, ఆ రోజుల్లో దొరికిన కూలికీ గుర్తు. ‘మెతుకుదుర్గం’ అన్న పాతపేరు ఈ రెండింటి కంటే సామాన్యుని జీవితానికి దగ్గరగా వినిపిస్తుంది.

ఈ సీమ చరిత్రను కాకతీయుల కంటే వెనక్కు తీసుకువెళ్లాలంటే పట్టణం వదలి నైరుతి దిక్కున ఉన్న కొండాపురం దిబ్బల దగ్గరకు పోవాలి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు కొండాపురం మెదక్ జిల్లాలో ఉండేది. ఆ జిల్లాకు పేరు మెదక్‌దే అయినా కేంద్రం సంగారెడ్డి. పునర్వ్యవస్థీకరణతో మెదక్ పట్టణం జిల్లా కేంద్రమైంది. కొండాపురం సంగారెడ్డి జిల్లాకు చేరింది. కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కొత్త జిల్లా చరిత్రలు రాయవలసి వస్తుంది. ఏ ప్రాంతం తన ప్రాచీనతను ఏ ఆధారంతో చెప్పుకుంటున్నదన్న ప్రశ్న అప్పుడు మళ్లీ ముందుకు వస్తుంది.

అలా చెప్పుకోవడంలో తరచుగా ఆసరాగా నిలిచేది ఒక విదేశీ వాక్యం. ఆంధ్రులకు ప్రాకారాలు గల ముప్పై నగరాలు, లక్ష కాల్బలం, రెండు వేల అశ్వికదళం, వెయ్యి ఏనుగులు ఉండేవన్న సమాచారం పాఠ్యపుస్తకాల నుంచి పోటీపరీక్షల మార్గదర్శకాల వరకు వ్యాపించింది. చదివినవారిలో ఎక్కువమందికి ఇది గ్రీకు రాయబారి మెగస్తనీసు కళ్లారా చూసి రాసిన మాటగానే తెలుసు. ఈ అవగాహన ఎంతవరకు సరైనదో చూడటం ఈ వ్యాసంలో మొదటి పని. అది సరైనది కానప్పుడు కొండాపురం వంటి స్థలం విలువ తగ్గుతుందా అన్నది రెండవ ప్రశ్న.

2. వాక్యం ఎక్కడిది?

మెగస్తనీసు సెల్యూకస్ నికేటర్ రాయబారిగా క్రీ.పూ. 300 ప్రాంతంలో పాటలీపుత్రంలోని చంద్రగుప్త మౌర్యుని ఆస్థానానికి వచ్చాడు. అతడు రాసిన ‘ఇండికా’ లభించడం లేదు. డయడోరస్, స్ట్రాబో, ప్లినీ, అరియన్ వంటి తర్వాతి రచయితలు తమ గ్రంథాల్లో వాడుకున్న భాగాలే మిగిలాయి. ఆ ముక్కలను ష్వాన్‌బెక్ అనే జర్మన్ పండితుడు 1846లో ఒకచోట కూర్చాడు. మెక్రిండిల్ 1877లో వాటిని ఆంగ్లంలోకి తెచ్చాడు. భారతదేశంలో ఎక్కువమంది చదివిన ‘మెగస్తనీసు’ ఈ సంకలనమే. సంకలనంలో అన్ని ముక్కలూ ఒకే రచయిత పేరు కింద కనిపిస్తాయి కనుక, ప్రతి ముక్కా అతని సొంతమాటే అన్న భావన పాఠకునికి కలగడం సహజం.

ఆంధ్రుల ప్రస్తావన ఉన్న భాగం ప్లినీ రాసిన ‘ప్రకృతి చరిత్ర’ ఆరవ పుస్తకంలోనిది. ప్లినీ రోమన్. లాటిన్ భాషలో రాశాడు. తన గ్రంథాన్ని క్రీ.శ. 77 ప్రాంతంలో పూర్తిచేసి, క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు మరణించాడు. అతడు భారతదేశానికి రాలేదు. భారతదేశం గురించిన సమాచారానికి మెగస్తనీసుతో పాటు, టాలెమీ ఫిలడెల్ఫస్ పంపిన డయనీషియస్‌ను కూడా అతడే పేర్కొన్నాడు. ఇతరుల నుంచి కూడా సమాచారం తీసుకున్నాడు. అంటే మెగస్తనీసుకూ ఈ వాక్యానికీ మధ్య మూడున్నర శతాబ్దాలు, ఒక భాషామార్పు, కనీసం ఇద్దరు ముగ్గురు ఆధారకర్తలు ఉన్నారు. ఆంధ్రుల సమాచారం మెగస్తనీసు నుంచే వచ్చిందా, అతని తర్వాతివారి నుంచి వచ్చిందా అన్న విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. ప్లినీ ఆ వాక్యం పక్కన ఎవరి పేరూ రాయలేదు.

వాక్యం ఉన్న వరుసను కూడా గమనించాలి. ప్లినీ అక్కడ జాతులను, వారి సైన్యాలను జాబితాగా చెబుతున్నాడు. కళింగుల రాజుకు అరవై వేల కాల్బలం, వెయ్యి గుర్రాలు, ఏడు వందల ఏనుగులు ఉన్నాయంటాడు. తర్వాత మోదోగలింగ మొదలైన పేర్లు వస్తాయి. ‘మోదోగ’లో తెలుగు ‘మూడు’ ఉందని కొందరు పండితులు భావించారు. ఆ తర్వాత ‘అందరే’ అన్న పేరుతో ఆంధ్రులు వస్తారు. వారి వెంటనే బంగారానికి ప్రసిద్ధులైన దర్దులు కనిపిస్తారు. దర్దులు సింధునది ఎగువ ప్రాంతం వారు. కళింగం నుంచి సింధు ఎగువకు ఒకే పేరాలో సాగిపోయే జాబితా ఇది. ఇందులో ఒక పేరు పక్కన మరొక పేరు ఉన్నంత మాత్రాన భౌగోళిక సామీప్యం నిర్ధారణ కాదు. ఆంధ్రులు ఏ నది ఒడ్డున ఉన్నారో, ముప్పైలో ఒక్క నగరం పేరైనా ఏమిటో ఆ వాక్యం చెప్పదు.

అశోకుని పదమూడవ శిలాశాసనం ఆంధ్రులను అతని ఏలుబడిలోని ప్రజల వరుసలో పేర్కొంటుంది. ఆంధ్రులు అనే జనం ఆ కాలంలో ప్రసిద్ధులేనని దీనివల్ల స్థిరపడుతుంది. ప్లినీ మాటకు ఆ మేరకు బలం ఉంది. అయితే ఆ బలం జనం పేరుకు పరిమితం. నగరాల సంఖ్యకు గాని, వాటి స్థానాలకు గాని అది చాలదు.

3. ‘నగరం’ అన్న మాట: అనువాదంలో జరిగిన మార్పు

ప్లినీ వాడిన లాటిన్ మాట ‘ఒప్పిడుం’. గోడలు, బురుజులు ఉన్న ఊరు అన్న అర్థంలో అది ఇక్కడ వచ్చింది. గ్రీకుల ‘పోలిస్’ వేరు. ‘పోలిస్’ను తెలుగులో ‘నగరరాజ్యం’ అంటున్నాం. అందులో ఊరు, చుట్టూ ఉన్న పొలాలు, పౌరులు, వారి సభ, చట్టం అన్నీ కలిసి ఉంటాయి. తెలుగులో ఒప్పిడుం ‘నగరం’ అయింది, పోలిస్ ‘నగరరాజ్యం’ అయింది. మూలంలో సంబంధం లేని రెండు మాటలు తెలుగులో చుట్టరికం కలుపుకున్నాయి. ‘గ్రీకు రాయబారి చెప్పిన నగరం’ అనగానే ఏథెన్సు, స్పార్టా వంటివి మనసులో మెదలడానికి ఇది ఒక కారణం.

ప్లినీ వాక్యంలోనే ఈ ఊహకు అడ్డుపడే మాట ఒకటుంది. ఆ జాతి తన రాజుకు సైన్యాన్ని సమకూరుస్తుందని అతడు అంటాడు. ముప్పై ఊళ్లూ ఒక రాజు కింద ఉన్నాయన్నమాట. అవి స్వతంత్ర నగరరాజ్యాలు కావు. స్వయంపాలన గల నగరాల ప్రస్తావన మెగస్తనీసులో లేకపోలేదు. రాజు ఉన్నచోట అధికారులు రాజుకు, స్వయంపాలన ఉన్నచోట అక్కడి పాలకులకు నివేదించుకుంటారని అతని ఆధారంగా అరియన్ రాశాడు. అయితే ఆ మాట ఆంధ్రుల సందర్భంలో రాలేదు.

గోడలు ఉంటేనే నగరరాజ్యం అవుతుందని గ్రీకులు కూడా అనుకోలేదు. అరిస్టాటిల్ తన ‘రాజనీతి’లో ఈ విషయాన్ని నేరుగా చర్చించాడు. కేవలం గోడ వల్ల నగరం ఏర్పడేటట్లయితే పెలొపొనీసస్ ద్వీపకల్పం మొత్తం చుట్టూ ఒక గోడ కట్టి దాన్నీ నగరమనవచ్చునన్న వాదాన్ని ముందుపెట్టి, నగరాన్ని నిర్ణయించేది పౌరుల వ్యవస్థ అని తేల్చాడు. గోడలను బట్టి గొప్పదనాన్ని లెక్కించే పద్ధతికి గ్రీకుల సమ్మతి కూడా లేదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ప్లినీ వాక్యంలో ముప్పై ఊళ్ల కంటే ముందు మరొక మాట ఉంది. ఆంధ్రులకు చాలా గ్రామాలు ఉన్నాయని అతడు మొదట చెప్పాడు. తర్వాతే గోడలున్న ఊళ్లు, ఆ తర్వాత సైన్యం. ఈ వాక్యాన్ని ఉదహరించేటప్పుడు సాధారణంగా గోడలూ ఏనుగులూ నిలుస్తాయి, గ్రామాలు మరుగున పడతాయి. ఎంపికలో జరిగిన ఈ చిన్న లోపం చిన్నది కాదు. చరిత్ర అంటే కోటలు, సేనలు అన్న దృష్టి మూలంలో కంటే ఉదాహరణలోనే బలంగా ఉందని ఇది తెలుపుతుంది.

4. స్పార్టా: కీర్తి మిగిలి కట్టడాలు మిగలని నగరం

గోడలకూ కీర్తికీ సంబంధం లేదనడానికి గ్రీకు చరిత్రలోనే పెద్ద ఉదాహరణ స్పార్టా. యూరోటాస్ నది లోయలో పితానా, మెసోవా, లిమ్నై, కినోసూరా అనే నాలుగు పల్లెలు కలిసి, తర్వాత అమిక్లై చేరి ఆ రాజ్యం ఏర్పడింది. ఇద్దరు రాజులు, వారితో కలిపి ముప్పైమంది సభ్యుల పెద్దల సభ, ఏటేటా ఎన్నికయ్యే ఐదుగురు ఎఫోర్లు దాని పాలనలో ప్రధానాంగాలు. శతాబ్దాల పాటు స్పార్టాకు ప్రాకారం లేదు. తమ యోధులే తమ గోడలన్నది వారి అభిమానం. క్రీ.పూ. నాలుగవ శతాబ్దం చివర శక్తి క్షీణించిన తర్వాతే రక్షణ నిర్మాణాలు మొదలయ్యాయి. క్రీ.పూ. 207-192 మధ్య పాలించిన నాబిస్ కాలానికి అవి పూర్తిస్థాయి గోడలయ్యాయి. స్పార్టాకు గోడ రావడం దాని బలహీనతకు గుర్తు.

థుసిడైడిస్ తన చరిత్ర తొలి భాగంలోనే ఈ స్థితిని గుర్తించాడు. స్పార్టా నిర్జనమై, దేవాలయాలూ పునాదులూ మాత్రమే మిగిలితే, రాబోయే తరాలవారు దాని శక్తిని నమ్మలేరని, ఏథెన్సుకు అదే గతి పడితే దాని శిథిలాలను చూసి అసలు శక్తికి రెట్టింపు ఊహించుకుంటారని అతని ఆలోచన. శిథిలాలను చూసి శక్తిని అంచనా వేయరాదన్న ఈ హెచ్చరిక చరిత్రరచనకు ఇప్పటికీ పనికివస్తుంది.

స్పార్టా విషయంలో రెండవ ప్రమాదం కూడా ఉంది. దాని గురించి మనకు తెలిసిన దానిలో అధికభాగం బయటివారు రాసింది. హెరొడోటస్ హాలికర్నాసస్ వాడు. థుసిడైడిస్, జెనొఫోన్ ఏథెన్సు వారు. ప్లుటార్క్ ఎన్నో శతాబ్దాల తర్వాత రోమన్ పాలనలో ఉన్న కైరోనియా వాడు. స్పార్టా నుంచి నేరుగా వినిపించే గొంతులు క్రీ.పూ. ఏడవ శతాబ్దపు కవులు తిర్తయస్, అల్క్‌మన్‌లవి. బయటివారిలో కొందరు స్పార్టాను ఆదర్శంగా, కొందరు హెచ్చరికగా వాడుకున్నారు. ఇలా తయారైన చిత్రానికి ఫ్రెంచి పండితుడు ఫ్రాన్స్వా ఒలియే 1933లో ‘స్పార్టా ఎండమావి’ అని పేరుపెట్టాడు.

ఆ ఎండమావిని కొంత చెదరగొట్టింది తవ్వకం. ఏథెన్సులోని బ్రిటిష్ పురావస్తు పాఠశాల 1906 నుంచి ఆర్తెమిస్ ఓర్థియా ఆలయస్థలంలో తవ్వకాలు జరిపింది. చెక్కిన దంతపు పలకలు, లక్షకు పైగా సీసపు చిన్నబొమ్మలు బయటపడ్డాయి. కళలకు, విలాసాలకు దూరమైన కరకు సైనికనగరం అన్న ప్రసిద్ధి తొలినాళ్ల స్పార్టాకు వర్తించదని వాటివల్ల తేలింది. గ్రంథస్థమైన కీర్తిని మట్టి నుంచి వచ్చిన సాక్ష్యం సరిదిద్దింది.

ఆ కీర్తి వెనుక పొలం దున్నినవారు హెలట్లు. భారతీయులలో బానిసలు లేరన్న మెగస్తనీసు మాటను తీసుకుని, అరియన్ ఈ విషయంలో భారతీయులను స్పార్టావారితో పోల్చాడు. స్పార్టావారికి హెలట్లు ఉన్నారని, భారతీయులకు ఎవరూ లేరని తేడా చూపాడు. భారతీయ గ్రంథాలు దాసులను స్పష్టంగా పేర్కొంటున్నాయి కనుక ఆ పరిశీలన పొరపాటు. విదేశీయుడు పొగిడినంత మాత్రాన మాట నిజం కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కరలేదు. బానిసలు లేరన్న మాటను సందేహించి, ముప్పై నగరాలన్న మాటను యథాతథంగా స్వీకరించడం విమర్శ పద్ధతి కాదు.

5. కొండాపురం: కట్టడాలు మిగిలి కీర్తి మిగలని నగరం

కొండాపురం స్థితి స్పార్టాకు సరిగ్గా తలకిందులు. దాని గురించి ఏ ప్రాచీన గ్రంథమూ చెప్పలేదు. దాని అసలు పేరేమిటో కూడా నిలవలేదు. స్థానికులు ఆ దిబ్బలను కోటగడ్డ అంటారు. 1940-42 సంవత్సరాలలో హైదరాబాదు రాష్ట్ర పురావస్తుశాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. గులాం యజ్దానీ శాఖాధిపతిగా ఉన్న ఆ కాలంలో తవ్వకాలను నిర్వహించినవాడు ఖ్వాజా మహమ్మద్ అహ్మద్. తర్వాతి కాలంలో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ కూడా అక్కడ తవ్వకాలు సాగించింది. అక్కడి ప్రదర్శనశాల ఆ సంస్థ నిర్వహణలో ఉంది.

బయటపడినవాటిలో బౌద్ధ నిర్మాణాల పునాదులు, ఇటుక కట్టడాలు, విద్ధాంక నాణేలు, పెద్దసంఖ్యలో శాతవాహనుల నాణేలు, నాణేలు పోయడానికి వాడిన మట్టి అచ్చులు, పూసలు, ఇనుప పనిముట్లు, ఎర్రమట్టితోనూ తెల్లని సుద్దమట్టితోనూ చేసిన బొమ్మలు ఉన్నాయి. రోమన్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం ఒకటి దొరికింది. అచ్చులు దొరకడాన్ని బట్టి అక్కడ టంకశాల ఉండేదని భావిస్తున్నారు. ఈ వస్తువుల కారణంగానే ‘దక్షిణ తక్షశిల’ అన్న మాట పుట్టింది. ఈ బిరుదులోనూ పోలిక కోసం బయటికి చూసే అలవాటే ఉంది.

రచనలో చెప్పిన విషయాన్ని ఒక స్థలంతో ముడిపెట్టడానికి కనీసం మూడు కలవాలి. స్థలం కలవాలి, కాలం కలవాలి, వస్తువు కలవాలి. పాటలీపుత్రం ఈ మూడింటికీ నిలుస్తుంది. దాని చుట్టూ 570 బురుజులు, 64 ద్వారాలు గల కొయ్యగోడ ఉందని మెగస్తనీసు ఆధారంగా అరియన్ రాశాడు. పట్నా దగ్గర బులందీబాగ్ తవ్వకాలలో కొయ్యగోడల అవశేషాలు దొరికాయి. బురుజుల సంఖ్యను లెక్కపెట్టి చూడలేకపోయినా, ఊరి పేరు, మౌర్యుల కాలం, కొయ్య అనే పదార్థం కలిశాయి. అక్కడ గ్రంథమూ తవ్వకమూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పగలిగాయి.

కొండాపురానికి ఈ పరీక్ష పెడితే ఫలితం వేరుగా ఉంటుంది. స్థలం: ప్లినీ ఏ ఊరి పేరూ చెప్పలేదు. కాలం: కొండాపురం ప్రధానదశ క్రీ.పూ. ఒకటవ శతాబ్దం నుంచి క్రీ.శ. రెండు మూడు శతాబ్దాల వరకు సాగింది. మెగస్తనీసు అంతకు రెండు శతాబ్దాల ముందువాడు. వస్తువు: వాక్యం గోడలనూ బురుజులనూ చెబుతున్నది. కొండాపురాన్ని ప్రసిద్ధం చేసినవి నాణేలూ అచ్చులూ బొమ్మలూ. కోటగడ్డ అన్న పేరు ఒక సూచన కావచ్చు గాని, స్థానిక నామం ఒక్కటే క్రీ.పూ. మూడవ శతాబ్దపు ప్రాకారానికి రుజువు కాజాలదు. ధూళికట్టలో మట్టికోట ఆనవాళ్లు ఉన్నాయి. కోటిలింగాలలో గోబద, నారన, సమగోప వంటి శాతవాహన పూర్వపు పాలకుల నాణేలు, సిముకుని నాణేలు దొరికాయి. ఆ స్థలాల వాదం కొండాపురం కంటే బలమైనది. అయినా అక్కడ కూడా ‘ముప్పైలో ఇది ఒకటి’ అనడానికి వాక్యం సహకరించదు.

6. ప్లినీలోనే ఉన్న మరొక వాక్యం

ముప్పై నగరాల వాక్యాన్ని వదులుకుంటే ప్లినీ ఈ సీమకు పరాయివాడు అయిపోడు. అదే ఆరవ పుస్తకంలో కొంత ముందుకు పోతే, రోమన్ సామ్రాజ్యపు సొమ్ము ఏటా ఐదు కోట్ల సెస్టర్స్‌ల మేరకు భారతదేశానికి తరలిపోతున్నదని అతడు వాపోయాడు. ఈ మాట రాసింది క్రీ.శ. ఒకటవ శతాబ్దంలో. కొండాపురం వెలుగులో ఉన్న కాలమూ అదే. ఆగస్టస్ పాలన క్రీ.పూ. 27 నుంచి క్రీ.శ. 14 వరకు. ఆ చక్రవర్తి బంగారు నాణెం కొండాపురం మట్టిలో దొరికింది.

ఇక్కడ కాలం కలుస్తున్నది. వస్తువు కలుస్తున్నది. ప్లినీ చెప్పింది దేశం మొత్తం గురించి కనుక స్థలం పాక్షికంగా కలుస్తున్నది. ఒక్క నాణెం నేరువ్యాపారానికి రుజువు కాదు. అది ఎన్నో చేతులు మారి ఇంత దూరం వచ్చి ఉండవచ్చు. అయినా రోమన్ రచయిత ఫిర్యాదుకూ మంజీర పరీవాహక ప్రాంతంలోని ఒక ఊరికీ మధ్య కంటితో చూడగల, చేతితో పట్టుకోగల సంబంధం ఇది. మొదటి వాక్యంలో ఆంధ్రులు ఏనుగుల లెక్కగా కనిపిస్తారు. రెండవదానిలో భారతీయుల పనితనం, వర్తకం రోమన్లను కలవరపెట్టే శక్తిగా కనిపిస్తాయి. ఈ సీమవారికి నిజంగా గౌరవం ఇచ్చేది రెండవది. విచిత్రమేమంటే మన చరిత్రల్లో ఎక్కువగా వల్లించబడినది మొదటిది.

నాణేల అచ్చులు, పూసలు, బొమ్మలు చెప్పే చరిత్రలో రాజుల కంటే పనివారు ఎక్కువ. సీసం కరిగించినవారు, మట్టి పిసికినవారు, పూసలకు బెజ్జం వేసినవారు, ఇనుము సాగగొట్టినవారు అందులో ఉన్నారు. వీరికి మెతుకు అందించిన గ్రామాలు చుట్టూ ఉండి తీరాలి. ప్లినీ ముందుగా చెప్పిన, మనం వదిలేసిన ‘చాలా గ్రామాలు’ అన్న మాటకు అర్థం ఇక్కడ దొరుకుతుంది. స్పార్టాలో సహపంక్తి భోజనానికి తన వంతు ధాన్యం తేలేని పౌరుడు పౌరసత్వం కోల్పోయేవాడని అరిస్టాటిల్ రాశాడు. ఎంత గొప్ప నగరమైనా తిండిగింజల లెక్క మీదనే నిలబడిందని అది తెలుపుతుంది. కొండాపురం చరిత్రలో ఇంకా రాయవలసిన అధ్యాయం ఆ లెక్కే.

7. ఖిల్లా, కాలాల కలగలుపు, అభిమానం

మెదక్ పట్టణంలోని ఖిల్లాను చూసినవారికి ‘గోడలు, బురుజులు గల నగరం’ అన్న మాట వినగానే ఆ కొండే గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ ఖిల్లా కాకతీయుల కాలపు నిర్మాణంగా ప్రసిద్ధం. కుతుబ్‌షాహీల కాలంలో దానికి చేర్పులు జరిగాయి. లోపలి మసీదు పదిహేడవ శతాబ్దానిది. ప్లినీకీ కాకతీయులు స్వతంత్రులైన 1163కూ మధ్య వెయ్యేళ్లకు పైగా అంతరం ఉంది. కళ్లముందున్న గోడను చెవినపడిన వాక్యానికి అతికించడం వల్ల రెండింటికీ అన్యాయమే జరుగుతుంది. ఖిల్లా తన సొంత కాలాన్ని కోల్పోతుంది. వాక్యం తనకు లేని చిరునామాను పొందుతుంది.

ఈ అతికింపు వెనుక ఉన్న అభిమానాన్ని తేలికగా తీసివేయరాదు. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ తొలి భాగం వెలువడిన 1910 నాటికి తెలుగువారు తమ ప్రాచీనతకు సాక్ష్యాలు వెతుక్కుంటున్నారు. నిజాం రాష్ట్రంలో ఆ అవసరం ఇంకా తీవ్రమైనది. తెలుగు మాట్లాడటమే చిన్నతనంగా భావించే వాతావరణంలో నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ తొలి సమావేశం 1930లో మెదక్ జిల్లా జోగిపేటలోనే జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. అటువంటి రోజుల్లో గ్రీకు రాయబారి పొగడ్త ఒక ధైర్యవచనంగా పనిచేసి ఉంటుంది. పరాయివాని నోట వచ్చిన మెప్పుకు వలసపాలన కాలంలో ఉన్న విలువను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అదే సురవరం ప్రతాపరెడ్డి మరొక దారి కూడా చూపాడు. తెలంగాణలో కవులే లేరన్న వ్యాఖ్య వచ్చినప్పుడు, అతడు బయటివారి ప్రశంసలను ఉదహరించలేదు. 354 మంది కవుల రచనలను, వివరాలను సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించాడు. లక్ష్మణరాయ పరిశోధక మండలి ఊరూరా శాసనాలను సేకరించి 1935లో ‘తెలంగాణా శాసనములు’ ప్రచురించింది. అవమానానికి జవాబు ఆధారాల కుప్ప అన్న పద్ధతి ఈ ప్రాంతంలోనే పుట్టింది. ముప్పై నగరాల వాక్యాన్ని ప్రశ్నించడం ఆ తరానికి విరుద్ధం కాదు. ఆ తరం నేర్పిన పద్ధతినే ఆ తరం నమ్మిన ఒక మాటకు వర్తింపజేయడం అవుతుంది.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

- ముప్పై నగరాల వాక్యం లభిస్తున్నది క్రీ.శ. ఒకటవ శతాబ్దపు లాటిన్ గ్రంథంలో. దాన్ని ‘ప్లినీ పేర్కొన్నది, మెగస్తనీసు నుంచి గ్రహించి ఉండవచ్చు’ అని రాయడం సమంజసం.

- ఆ వాక్యం నగరరాజ్యాల గురించి కాదు. ఒక రాజు కింద ఉన్న గోడల ఊళ్ల గురించి. అందులో గ్రామాలకు మొదటి స్థానం ఉంది.

- కొండాపురాన్ని ఆ ముప్పైలో ఒకటిగా చెప్పడానికి స్థలం, కాలం, వస్తువు అనే మూడింటిలో ఏదీ సహకరించడం లేదు.

- అదే గ్రంథంలోని రోమన్ సొమ్ము ప్రస్తావన కొండాపురం కాలానికీ, అక్కడ దొరికిన ఆగస్టస్ నాణేనికీ సరిపోతుంది.

థుసిడైడిస్ హెచ్చరిక స్పార్టాకు ఒక దిక్కు నుంచి, కొండాపురానికి మరొక దిక్కు నుంచి వర్తిస్తుంది. శిథిలాలు లేవని స్పార్టాను తక్కువ చేయరాదు. గ్రంథాల్లో పేరు లేదని కొండాపురాన్ని తక్కువ చేయరాదు, పేరు కోసం దానికి సంబంధం లేని గ్రంథాన్ని అంటగట్టనూ రాదు. జిల్లాల సరిహద్దులు మారిన తర్వాత రాసే మెదక్, సంగారెడ్డి చరిత్రలు రెండూ ఈ దిబ్బలతోనే మొదలుకావలసి ఉంటుంది. ఆ మొదటి పేజీలో ఏనుగుల లెక్క స్థానంలో మట్టి అచ్చుల వివరం చేరితే, ఈ సీమ ప్రాచీనతకు తరిగేదేమీ ఉండదు. అచ్చు పోసిన చేతులు ఇక్కడివి, ఆ అచ్చులు ఇప్పటికీ ఇక్కడ ఉన్నాయి.